విలియం హీత్ రాబిన్సన్ అసలు బొమ్మ కొనడం ఎలా: కాగితం చదవడం మొదలు గోడకు తగిలించే దాకా

వేలం జాబితాలో హీత్ రాబిన్సన్ బొమ్మ ఒకటి కనిపించింది, కొనవచ్చా అని అడిగిన మిత్రులకు ఇన్నేళ్లుగా విడివిడిగా రాసిన సమాధానాలను ఒక క్రమంలో పెట్టి ఇక్కడ ఇస్తున్నాను. తాళ్లు, కప్పీలు, కొవ్వొత్తులతో నడిచే విచిత్ర యంత్రాలను గీసిన విలియం హీత్ రాబిన్సన్ (1872–1944) చేతి బొమ్మలకే ఈ వ్యాసం పరిమితం. పద్ధతిలో చాలా భాగం అదే కాలపు ఇతర బ్రిటిష్ పత్రికా చిత్రకారులకూ పనికివస్తుంది కానీ, ఇక్కడి తేదీలు, ఊళ్లు, హక్కుల లెక్కలు ఈయనకు మాత్రమే సంబంధించినవి.

ఒక్క విషయం మొదటే చెప్పాలి. బొమ్మలోని హాస్యం కొనేవాడిని తొందరపెడుతుంది. అయితే ఆ హాస్యం పత్రికలో అచ్చయిన ప్రతిలోనూ అంతే ఉంటుంది. మనం పెద్ద మొత్తం చెల్లించేది ఆయన చేయి తగిలిన కాగితానికి. అందుకే బొమ్మను చూసి నవ్వుకోవడానికి ముందు కాగితాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి.

1. ఏ రకం బొమ్మ కావాలో తేల్చుకోండి

హీత్ రాబిన్సన్ పని ఒకే తీరుది కాదు. 1890ల చివరి ఏళ్ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధ కాలం దాకా ఆయన పుస్తకాలకు గంభీరమైన, అలంకారభరితమైన చిత్రాలు గీశారు. అదే సమయంలో ‘ది స్కెచ్’, ‘ది టాట్లర్’, ‘ది బైస్టాండర్’ వంటి లండన్ పత్రికలకు హాస్యచిత్రాలు గీస్తూ వచ్చారు. వీటికి తోడు హోవిస్ రొట్టెలు, మాకింతోష్ టాఫీ, గ్రేట్ వెస్ట్రన్ రైల్వే వంటి సంస్థల ప్రచారం కోసం చేసిన పని కూడా చాలా ఉంది.

ధరలో ఈ రకాల మధ్య తేడా ఎక్కువ. సాధారణంగా అందరికంటే ముందు అమ్ముడుపోయేవి పూర్తి పేజీ యంత్రాల బొమ్మలు, ముఖ్యంగా రంగులు వేసినవి. పుస్తకాల్లో అధ్యాయం చివర వచ్చే చిన్న రేఖాచిత్రాలు, మూలల్లో ఉండే ఒంటరి మనుషుల బొమ్మలు తక్కువ ధరకు దొరుకుతాయి. మొదటి బొమ్మగా చిన్న రేఖాచిత్రం కొనమని నా సలహా. సిరా గీత ఎలా నడుస్తుందో రోజూ దగ్గరగా చూస్తూ ఉంటే, రెండో బొమ్మ దగ్గర మోసపోయే అవకాశం బాగా తగ్గుతుంది.

2. కొనకముందే కళ్లకు తర్ఫీదు ఇవ్వండి

లండన్ శివారు పిన్నర్‌లో, మెమోరియల్ పార్కులో, 2016 అక్టోబరులో ప్రారంభమైన హీత్ రాబిన్సన్ మ్యూజియం ఉంది. లండన్‌లో ఉన్న తెలుగువారికి ఇది ఒక పూట పని. బేకర్ స్ట్రీట్ నుంచి మెట్రోపాలిటన్ లైను రైలు నేరుగా పిన్నర్‌కు వెళుతుంది. అక్కడ బొమ్మ ఏం చెబుతోందో చూడటంతో పాటు మరో మూడు విషయాలు గమనించండి: తెల్లరంగుతో దిద్దిన చోట్లు, సిరా కింద మిగిలిపోయిన పెన్సిలు గీతలు, అంచుల్లో రాసిన మాటలు. ఫోటోలో ఇవి దాదాపు కనిపించవు.

లండన్ సెయింట్ జేమ్స్ ప్రాంతంలోని రైడర్ స్ట్రీట్‌లో బ్రిటిష్ చిత్రకారుల బొమ్మలను ప్రత్యేకంగా అమ్మే క్రిస్ బీటిల్స్ గ్యాలరీ ఉంది. ఇటువంటి చోట ధర వేలంలో కంటే ఎక్కువగా ఉండవచ్చు కానీ, కొనకపోయినా అసలు బొమ్మలను దగ్గరగా చూసే అవకాశం ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి నేరుగా వెళ్లలేనివారు వేలం సంస్థల పాత జాబితాలలోని పెద్ద ఫోటోలను, వాటి కింద రాసిన స్థితి వివరాలను కనీసం 50 దాకా చదివిన తరువాతే మొదటి పాట పాడండి.

3. దగ్గర ఉంచుకోవలసిన పనిముట్లు

- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. గడియారాలు బాగుచేసేవారు వాడేది సరిపోతుంది.
- అతినీలలోహిత కిరణాల చిన్న టార్చి. 365 నానోమీటర్లది అయితే మేలు.
- పక్క నుంచి వెలుగు వేయడానికి మామూలు టార్చి.
- సెంటీమీటర్లు, అంగుళాలు రెండూ ఉన్న టేపు.
- చేతులు శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టుకోండి. ఊలు, నూలు చేతి తొడుగులు వేసుకుంటే కాగితం అంచు తెలియక చినిగే ప్రమాదం ఉంది.

4. కాగితాన్ని చదివే క్రమం

ఈ మెట్టులో తొందరపడవద్దు. ముందు ఫ్రేము విప్పించండి. ఫ్రేము విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారు నుంచి నేను ఇక ఏమీ కొనను. మొదటి ఏళ్లలో ఒక వ్యాపారి దగ్గర మూసిన ఫ్రేములో ఉన్న ‘అసలు నీటిరంగు చిత్రం’ కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే అది పత్రిక పేజీ. వెనుక వైపు మరో వ్యాసం అచ్చయి ఉంది, ముందువైపు ఎవరో రంగులు పూశారు. విప్పి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు అడగడానికి మొహమాటపడ్డాను.

మొదట భూతద్దం. పత్రికలో అచ్చయిన బూడిదరంగు భాగం చిన్న చిన్న చుక్కల వరుసగా విడిపోతుంది. దానిని హాఫ్‌టోన్ అంటారు. హీత్ రాబిన్సన్ పత్రికలకు ఇచ్చిన బొమ్మల్లో చాలా వాటిలో నీళ్లలో కలిపిన బూడిదరంగు పూత ఉంటుంది. అసలు కాగితం మీద ఆ పూత ఎక్కడా చుక్కలుగా విడిపోదు. ఒక చోట చిక్కగా, మరో చోట పలుచగా పారి, ఆరిన అంచు దగ్గర సన్నని ముదురు గీత మిగులుస్తుంది. ఈ రోజుల్లో యంత్రాలు తీసే మేలురకం ప్రతుల్లో రంగురంగుల సూక్ష్మబిందువులు చల్లినట్టు కనిపిస్తాయి. చుక్కలు ఏ రకంవైనా సరే, కనిపించాయంటే అది అచ్చు ప్రతి.

రేఖాచిత్రాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే గీతను గీతగానే అచ్చువేసే లైన్ బ్లాకులో చుక్కలు ఉండవు. అందుకే ఇక్కడ పక్క వెలుగు వాడాలి. పాళీతో గీసిన సిరా గీతల్లో ఒకటి మరొకదాన్ని దాటే చోట చిక్కదనం తెలుస్తుంది, గీత మొదలైన చోట సిరా కొంచెం నిలిచి ఉంటుంది, కొన్ని చోట్ల పాళీ కాగితాన్ని గీరిన జాడ ఉంటుంది. అచ్చు గీత నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. అచ్చు అద్దిన ఒత్తిడికి అంచులో సిరా కాస్త బయటకు నెట్టబడి ఉంటుంది.

తరువాత పెన్సిలు జాడలు, దిద్దుబాట్లు వెతకండి. సరిదిద్దిన వేళ్లు, తెల్లరంగు పూసి మళ్లీ గీసిన తాడు, రబ్బరుతో చెరిపినా కాగితంలో మిగిలిన గాడి వంటివి నకలు తీసేవాడు సాధారణంగా పెట్టడు. ట్రేసింగు చేసినవాడికి తప్పు గీత అవసరం ఉండదు కాబట్టి అతని గీత ఎక్కడా తడబడదు. తడబాటు బొత్తిగా లేకపోవడమే అనుమానించవలసిన లక్షణం.

ఇక అతినీలలోహిత టార్చి. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చాయి. హీత్ రాబిన్సన్ 1944 సెప్టెంబరులో మరణించారు. చీకటి గదిలో ఆ టార్చి కింద బొమ్మ ఉన్న కాగితం నీలితెలుపుగా వెలిగితే, అది ఆయన కాలపు కాగితం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. వెలుగు బొమ్మ చుట్టూ ఉన్న అట్ట (మౌంట్) నుంచి వస్తోందా, బొమ్మ ఉన్న కాగితం నుంచే వస్తోందా అన్నది వేరుచేసి చూడండి. వెలగనంత మాత్రాన అది అసలుదని కాదు. పాత ఖాళీ కాగితాలు సంపాదించి వాటిపై గీసేవారూ ఉంటారు.

కొలత కూడా సాక్ష్యమే. పత్రికలకు గీసేవారు సాధారణంగా అచ్చయ్యే కొలత కంటే పెద్దగా గీస్తారు, అచ్చులో అది చిన్నదవుతుంది. మీ చేతిలోని ‘అసలు’ బొమ్మ పత్రిక పేజీకి సరిగ్గా సరిపోయిందంటే మళ్లీ మొదటి నుంచి పరీక్షించండి.

చివరగా నాకు బాగా నచ్చే పరీక్ష. యంత్రాల బొమ్మలో ఒక తాడును పట్టుకుని అది మొదలైన చోటు నుంచి ముగిసే దాకా చూపుతో వెళ్లండి. హీత్ రాబిన్సన్ యంత్రం ఎంత అసంబద్ధమైనదైనా అందులో ప్రతి తాడూ ఎక్కడో కట్టి ఉంటుంది, ప్రతి కప్పీ ఏదో ఒకటి ఎత్తుతుంది, దాన్ని నడిపే కళ్లజోడు పెద్దమనిషి తన పనిలో పూర్తిగా మునిగి ఉంటాడు. పైపైన అనుకరించినవారి బొమ్మల్లో తాళ్లు గాలిలో తేలిపోతాయి, మనుషులు మనవైపు చూసి నవ్వుతారు. దీన్ని రుజువుగా తీసుకోకూడదు కానీ, అనుమానానికి మాత్రం మంచి ఆధారం.

5. వెనుకవైపు ఏముందో చూడండి

బొమ్మ వెనుక భాగాన్ని నేను ముందు భాగం కంటే ఎక్కువసేపు చూస్తాను. పత్రికా కార్యాలయపు ముద్ర, అచ్చు కొలత నీలం పెన్సిలుతో రాసిన సూచన, పాత గ్యాలరీ చీటీ, చిత్రకారుడి చిరునామా అన్నీ అక్కడే ఉంటాయి.

చిరునామా కనిపిస్తే దానితో కాలాన్ని పోల్చవచ్చు. ఆయన 1908 నుంచి 1918 దాకా పిన్నర్‌లో, 1918 నుంచి 1929 దాకా సర్రీలోని క్రాన్లీలో, ఆ తరువాత చివరి దాకా లండన్ హైగేట్‌లో నివసించారు. పిన్నర్ చిరునామా ఉన్న బొమ్మను 1930ల నాటిదని అమ్ముతుంటే ఆ వివరణను నమ్మవద్దు. పాత బొమ్మకు తరువాతి చిరునామా చీటీ అంటించే అవకాశం మాత్రం ఉంది, ఆయన దగ్గరే ఉండిపోయిన బొమ్మను తరువాత ఎక్కడికైనా పంపి ఉండవచ్చు.

సంతకం గురించి ఒక హెచ్చరిక. ఆయన ఇద్దరు అన్నలు థామస్, చార్లెస్ కూడా పేరున్న చిత్రకారులే. థామస్ పూర్తి పేరులోనూ ‘హీత్ రాబిన్సన్’ ఉంది. ఇంటిపేరు చూసి కాక, మొదటి అక్షరం చూసి నిర్ణయించండి.

6. అచ్చయిన ప్రతిని వెతికి పట్టుకోండి

‘ది స్కెచ్’, ‘ది టాట్లర్’, ‘ది బైస్టాండర్’ పాత సంచికలను బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో చందా కట్టి ఇంటి నుంచే చదవవచ్చు. వెతికే క్రమం ఇది:

1. బొమ్మ కింద చేత్తో రాసిన శీర్షికలోని అరుదైన మాటను తీసుకుని వెతకండి.
2. దొరకకపోతే దుస్తులు, వాహనాలు, యుద్ధ సందర్భం చూసి కాలాన్ని ఐదేళ్లకు కుదించండి. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆయన యుద్ధ హాస్యచిత్రాలు గీశారు కాబట్టి సైనికుల టోపీలు, విమానాలు జాగ్రత్తగా చూడాలి.
3. అచ్చు ప్రతి దొరికిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకోండి.

మూడో మెట్టు చాలామంది వదిలేస్తారు. అసలు బొమ్మలో అచ్చులో కనిపించనివి ఉండాలి: పేజీకి సరిపడక కత్తిరించిన అంచు, తెల్లరంగు కింద దాగిన పాత గీత, అచ్చులో కలిసిపోయిన పలుచని పూత. మీ దగ్గర ఉన్న బొమ్మలో అచ్చు ప్రతి కంటే ఒక్క వివరమైనా అదనంగా లేకపోతే, అది అచ్చు చూసి గీసినది కావచ్చు. ఎక్కడా అచ్చుకాని బొమ్మలూ ఉంటాయి. వాటికి వెనుకవైపు సాక్ష్యం, చేతులు మారిన చరిత్ర మరింత గట్టిగా ఉండాలి.

7. అమ్మేవారిని రాతపూర్వకంగా అడగవలసినవి

- ఇది చేత్తో గీసిన అసలు చిత్రమని బిల్లులో రాసిస్తారా?
- ఫ్రేము లేకుండా ముందు, వెనుక ఫోటోలు, పక్క వెలుగులో ఒక ఫోటో పంపగలరా?
- ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు ఎక్కడ అమ్ముడైంది?
- శుభ్రం చేయించారా, చినిగిన చోట అతికించారా, రంగు తిరిగి వేశారా?
- అసలుది కాదని తేలితే ఎన్ని రోజుల్లో, ఏ షరతు మీద డబ్బు వాపసు ఇస్తారు?

వేలం జాబితాలో పదాలు ఆచితూచి వాడతారు. చిత్రకారుడి పూర్తి పేరు మాత్రమే ఉంటే ఆయన గీసినదనే అభిప్రాయం. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే ఆయనది కావచ్చునని, ‘మేనర్ ఆఫ్’ అంటే ఆయన శైలిలో వేరొకరు గీసినదని, ‘ఆఫ్టర్’ అంటే ఆయన బొమ్మకు నకలని అర్థం. ధర ఎక్కువైన బొమ్మ విషయంలో దొంగసొత్తు కాదని నిర్ధారించుకోవడానికి లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో రుసుము కట్టి వెతికించవచ్చు.

8. పాట పాడేముందు పూర్తి ఖర్చు లెక్కించండి

వేలంలో పాట ముగిసి సుత్తి పడిన ధర మీరు చెల్లించే ధర కాదు. ఉదాహరణకు 1,000 పౌండ్ల దగ్గర పాట ఆగి, వేలం సంస్థ కొనేవారి నుంచి తీసుకునే రుసుము (కొనుగోలుదారు ప్రీమియం) 25 శాతం అయితే 250 పౌండ్లు, దాని మీద 20 శాతం వ్యాట్ 50 పౌండ్లు కలిసి 1,300 అవుతుంది. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే మరికొంత రుసుము పడవచ్చు. ప్యాకింగు, బీమా, రవాణా, కస్టమ్స్ సుంకం వేరు. ఈ మొత్తాన్ని ముందే కలిపి, మీ గరిష్ఠ పాటను అందులో నుంచి వెనక్కి లెక్కించి కాగితం మీద రాసుకోండి. బొమ్మ దేశం దాటి వెళ్లిందని రుజువు చూపితే కొన్ని సందర్భాల్లో వ్యాట్ వాపసు వస్తుంది. అది ఆ సంస్థ నిబంధనల్లో ముందే చూసుకోండి.

బొమ్మ మళ్లీ అమ్ముడైనప్పుడు చిత్రకారుడికి, వారసులకు బ్రిటన్‌లో ఇవ్వవలసిన పునర్విక్రయ రుసుము చిత్రకారుడు మరణించిన తరువాత 70 ఏళ్ల దాకానే వర్తిస్తుంది. హీత్ రాబిన్సన్ విషయంలో ఆ గడువు 2014తో ముగిసింది. బిల్లులో ఆ పద్దు కనిపిస్తే అడిగి తీయించండి.

9. హక్కులు, సరిహద్దులు

బొమ్మ కొంటే కాగితం మీ సొంతమవుతుంది, కాపీరైటు దానంతట అది రాదు. హీత్ రాబిన్సన్ బొమ్మలకు బ్రిటన్‌లో కాపీరైటు 2014 చివరితో, రచయిత మరణానంతరం 60 ఏళ్ల లెక్క ఉన్న భారతదేశంలో 2004 చివరితో తీరింది. అదే కాలంలో జీవించినా ఆయన కంటే చాలా ఏళ్లు బతికిన చిత్రకారులకు ఈ లెక్క మారుతుంది.

50 ఏళ్లు దాటిన కళాఖండాల విలువ ఒక పరిమితి మించితే బ్రిటన్ నుంచి బయటకు పంపడానికి ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ద్వారా లైసెన్సు కావాలి. మన రకం బొమ్మల్లో ఎక్కువ వాటికి ఆ అవసరం రాకపోవచ్చు, అయినా అమ్మకందారుతో రాయించుకోండి. భారతదేశానికి తెప్పించేటప్పుడు బిల్లులో ‘చేత్తో గీసిన అసలు చిత్రం’ అని స్పష్టంగా ఉండాలి. చేతి చిత్రాలు కస్టమ్స్ పట్టికలో 9701 శీర్షిక కిందికి వస్తాయి, అచ్చు ప్రతులు అందులోకి రావు.

మరొకటి. మన దేశంలో 1972 పురావస్తు చట్టం వందేళ్లు దాటిన కళావస్తువులను పురావస్తువులుగా చూస్తుంది, వాటిని వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని నిషేధిస్తుంది. 1915 నాటి బొమ్మను హైదరాబాదుకు తెచ్చి, తరువాత అమెరికాలోని పిల్లల దగ్గరికి పంపాలనుకునేవారు తెప్పించకముందే పురావస్తు శాఖను, కస్టమ్స్ ఏజెంటును సంప్రదించాలి. దిగుమతి పత్రాలు ఏ ఒక్కటీ పారేయకూడదు.

10. రవాణా, ఫ్రేము, గోడ

గాజు తీసేసిన తరువాతే పంపమని అడగండి. దారిలో పగిలిన గాజు కాగితాన్ని కోస్తుంది, ఆ కోతకు మరమ్మతు ఉన్నా మచ్చ పోదు. బొమ్మను చుట్టగా చుట్టకుండా, రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పంపాలి.

మన ఊళ్లలో ఫ్రేము కట్టేవారు చాలామంది వెనుక ప్లైవుడ్ పెట్టి, బొమ్మను గమ్‌తోనో టేపుతోనో మౌంట్‌కు అతికిస్తారు. ఇవి మూడూ కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతాయి. మీరు దగ్గర నిలబడి ఇవి చేయించాలి:

- ముందు, వెనుక ఆమ్లం లేని నూలు మ్యూజియం బోర్డు.
- పై అంచున మాత్రమే జపనీస్ కాగితపు చిన్న పట్టీలు, గోధుమ గంజితో.
- అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు లేదా ఆక్రిలిక్. బొమ్మకూ దానికీ మధ్య ఖాళీ.
- ఫ్రేము వెనుక నాలుగు మూలలా కార్కు (బెరడు) బిళ్లలు, గోడకు తగలకుండా.

సిరా వెలుగును తట్టుకుంటుంది, నీటిరంగు తట్టుకోదు. మ్యూజియములు ఇటువంటి బొమ్మలకు 50 లక్సుల (లక్సు అంటే వెలుగు కొలత) వెలుగే పెడతాయి; మన హాలులో కిటికీ ఎదుటి గోడ మీద దానికి ఎన్నో రెట్లు పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో చెమ్మ ఇంకా పెద్ద శత్రువు. గదిలో తేమ 50 శాతం చుట్టూ నిలకడగా ఉంచలేకపోతే, వర్షాకాలం నాలుగు నెలలూ బొమ్మను లోపలి గోడకు మార్చండి, లేదా ఆమ్లం లేని పెట్టెలో పడుకోబెట్టండి. బయటి గోడకు, వంటగదికి, స్నానాల గదికి ఆనుకున్న గోడకు ఎప్పుడూ తగిలించవద్దు.

11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

*గోధుమరంగు మచ్చలను ఇంట్లో తుడవడం.* తడి గుడ్డ, రబ్బరు, బ్లీచింగు ఏదీ వద్దు. పాత కాగితాలను బాగుచేసే నిపుణుల (కాగితపు సంరక్షకుల) దగ్గరికి తీసుకువెళ్లండి. మచ్చ పెరగకుండా ఆపడానికి చెమ్మ తగ్గించడమే మీరు చేయగలిగిన పని.

*పాత టేపును లాగడం.* టేపుతో పాటు కాగితం పొర లేస్తుంది. అలాగే ఉంచి సంరక్షకులకు చూపండి.

*పాత మౌంట్, వెనుక అట్ట పారేయడం.* వాటి మీది చీటీలు, ముద్రలు బొమ్మ చరిత్రలో భాగం. బొమ్మకు తగలకుండా వేరే కవరులో దాచండి.

*దొరికిన పుస్తకచిత్రాన్ని అందులో భాగమైన వరుస నుంచి విడదీయడం.* ఒకే పుస్తకానికి గీసిన రెండు మూడు బొమ్మలు కలిసి దొరికితే కలిపే ఉంచండి. విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని చెప్పేవారు ఉంటారు. ఒకసారి చెదిరిన వరుస మళ్లీ ఒక చోటికి చేరడం చాలా కష్టం.

12. ప్రతి బొమ్మకూ ఒక ఫైలు

- ఫ్రేము లేని ముందు, వెనుక ఫోటోలు, పక్కన స్కేలుతో.
- కొలతలు, కాగితం రకం, సంతకం, శీర్షిక ఉన్నవి ఉన్నట్టుగా.
- అచ్చయిన పత్రిక, తేదీ, పేజీ. అచ్చుతో తేడాల జాబితా.
- బిల్లు, అమ్మకందారుతో జరిపిన ఉత్తరాలు, దిగుమతి పత్రాలు, బీమా.
- ప్రతి ఏడాది వర్షాకాలం ముగిశాక ఒకసారి ఫ్రేము వెనుక చూసి, సిల్వర్‌ఫిష్ (కాగితం తినే పురుగు) జాడ, బూజు, కొత్త మచ్చ ఉన్నాయా అన్న నమోదు, తేదీతో.